నేపాల్ యోగా యాత్రకు ఒక్కదానివే పోయే ముందు

కావలి

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన గుంపు యాత్ర ప్లాను చదివాను. పోఖరాలో నాలుగు రోజులు యోగా, ఆ తర్వాత పూన్‌హిల్ దాకా కొండ నడక, తిరిగొచ్చాక పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, బంజీ. మీ అమ్మ ఫోన్ చేసి "ఒక్కతే పోతానంటోంది, పంపొచ్చా అక్కా" అని అడిగింది. పంపొచ్చనే చెప్పాను. అయితే ఆమెను కంగారు పెట్టడం ఎందుకని చెప్పకుండా ఆపినవి కొన్ని ఉన్నాయి, అవి నీకు రాస్తున్నా.

ఇంట్లోవాళ్లతో పోతే నీ మొహం చూసి "ఈ పూట ఆగుదాంలే" అనేవాళ్లు ఒకరుంటారు. ముక్కూమొహం తెలియని పన్నెండు మందిలో ఆ మాట నువ్వే అనాలి. అనడానికి వీలుందా లేదా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. కాబట్టి నిర్వాహకులకు ముందు ఈ ప్రశ్న రాసి పంపు: నడక మధ్యలో నాకు బాగాలేకపోతే నాతో కిందికి ఎవరు దిగుతారు? గుంపు మొత్తానికి ఒకే గైడు అయితే అందరూ వెనక్కి రావాలి, లేదా నిన్ను లాడ్జిలో వదిలి వాళ్లు ముందుకు పోవాలి. నిజానికి ఈ రెండూ జరగవు. నలుగురి ట్రిప్పూ చెడగొట్టడం ఎందుకని నువ్వే తలనొప్పి దాచుకుని నడుస్తావు. గైడుతో పాటు ఇంకో సహాయకుడు ఉన్నాడని వాళ్లు రాతలో చెప్తేనే మిగతా మాటలు.

ఆ తర్వాత రోజువారీ లెక్క అడుగు. ఏ రోజు ఎన్ని గంటల నడక, ఎన్ని మీటర్ల ఎక్కుడు, ఎన్ని మీటర్ల దిగుడు, రాత్రి పడుకునే ఊరి ఎత్తెంత. "మోడరేట్" అని రాసిన మాటకు అర్థం లేదు, రోజూ పరుగెత్తేవాడికి ఒకటి, బ్యాంకులో కూర్చునే నీకు ఒకటి. ఇంకో సంగతి, ఆసనాలు నేర్పే మనిషికి కొండ తెలియదు, కొండ తెలిసిన గైడుకు ఆసనాలు తెలియవు. ఇద్దరూ వేర్వేరుగా ఉన్నారా, గైడుకు లైసెన్సు ఉందా అని కనుక్కో. ఒకే మనిషి రెండూ చూసుకుంటాడంటే నాకైతే నమ్మకం కుదరదు.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకో. ఒక్కదానివే పోతున్నావు కాబట్టి విడిగది కావాలంటే అదనంగా అడుగుతారు. వద్దంటే ఎవరో ఒకరితో గది పంచుకోవాలి, ఆ ఒకరు ఆడమనిషేనని ముందే రాయించుకో. కొండమీది లాడ్జిల్లో అదనం కట్టినా విడిగది దొరుకుతుందన్న హామీ లేదు. గాలి బాగాలేక పారాగ్లైడింగ్ ఆగిపోతే ఆ సొమ్ము తిరిగిస్తారా? నువ్వే వద్దనుకుంటే? అన్నపూర్ణ ప్రాంతంలో నడవడానికి పర్మిట్ కావాలి, మిగతా విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలు, మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు 1,000. ప్యాకేజీలో ఏ ధర వేశారో చూడు. అడ్వాన్సు సంస్థ ఖాతాకే పంపు, ఎవరో ఒకరి సొంత ఖాతాకు పంపొద్దు.

నెలల సంగతికొస్తే అక్టోబరు, నవంబరు మంచివి, కాకపోతే మార్చి, ఏప్రిల్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు. దారంతా జలగలు, మబ్బుల్లో కొండ కనపడదు, రోడ్లమీద చరియలు విరిగిపడతాయి. ఆ నెలల్లో సగం ధరకు వస్తుందని ఎవరన్నా చెప్పినా పోవద్దు.

విమానంలో నేపాల్ పోవడానికి మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ చూపిస్తే మాత్రం విమానం ఎక్కనివ్వరు. ఒంగోలు నుంచి నీకు గన్నవరం దగ్గర. అక్కణ్ణుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఖాట్మండు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకో. వేర్వేరుగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు, పైగా ఢిల్లీలో బ్యాగు తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఢిల్లీ నుంచి పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ, ఖాట్మండు నుంచి పోఖరాకు కుడివైపు కిటికీ అడుగు, మంచు కొండలు ఆ పక్కనే కనపడతాయి. ఖాట్మండు నుంచి పోఖరాకు రోడ్డున 200 కిలోమీటర్లే. అయినా ఘాట్ రోడ్డు, మరమ్మతులు కలిసి రోజంతా తినేస్తాయి, విమానంలో అరగంట. కాకపోతే ఆ చిన్న విమానాలు మబ్బు పడితే ఎగరవు. అందుకే తిరుగు ప్రయాణంలో పోఖరా నుంచి బయల్దేరిన రోజే ఢిల్లీ విమానం పెట్టుకోకుండా ఒక రాత్రి ఖాట్మండులో ఉండేట్టు చూసుకో. ఎక్కువమంది ప్లాన్లు తలకిందులయ్యేది ఇక్కడే.

మన 100 రూపాయలు అక్కడ 160. షాపులో ధర చెప్తే "ఐసీయా, ఎన్సీయా" అని అడుగు. ఐసీ అంటే మన రూపాయి, ఎన్సీ అంటే వాళ్లది. అడగకపోతే ఒకటిన్నర రెట్లకు పైగా కట్టేస్తావు. మన నోట్లు తీసుకుపోతే వందలూ అంతకన్నా చిన్నవీ తీసుకుపో, పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి. పోఖరాలో క్యూఆర్ కోడ్‌తో కట్టొచ్చేమో గానీ కొండ దారిలో ఏటీఎం ఉండదు. నడక మొదలుపెట్టే ముందే వేడినీళ్లకు, ఫోన్ చార్జింగుకు, టీలకు, పోర్టరు టిప్పుకు నేపాలీ నోట్లు చేతిలో పెట్టుకో. వేడినీళ్ల స్నానానికీ చార్జింగుకూ చాలా లాడ్జిల్లో విడిగా తీసుకుంటారు.

ఇక ఒళ్లు సిద్ధం చేసుకోవడం. పూన్‌హిల్ దారిలో తికేధుంగా అనే ఊరి నుంచి ఉల్లేరి అనే ఊరి దాకా 3,200 పైచిలుకు రాతిమెట్లు. మన అలిపిరి దారిలో 3,550 ఉన్నాయి కదా, అది ఎక్కినదాన్నేగా అనుకుంటావేమో. అలిపిరిలో మధ్యలో చదునుగా నడిచే దారి ఉంది, పైన కప్పుంది, అడుగడుక్కీ సోడా కొట్టుంది. ఉల్లేరి మెట్లు ఒకే ఊపున నిటారుగా పోతాయి, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, వానపడితే జారుడు. ఇప్పుడు ఉల్లేరి దాకా జీపు పోతుంది, చాలామంది ఆ మెట్లు తప్పించుకుంటారు. మీ ప్లానులో జీపా, నడకా కనుక్కో. జీపైనా శ్రమ పూర్తిగా తప్పదు, అదే దారిలో పూన్‌హిల్ కింద ఉన్న ఘోరేపానీ అనే ఊరి దాకా ఇంకా 800 మీటర్లు ఎక్కాలి.

ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టు. వారానికి నాలుగు రోజులు అపార్టుమెంటు మెట్లు, మొదట 20 నిమిషాలు, వారం వారం పెంచుకుంటూ 45 నిమిషాల దాకా. పక్కనున్న మనిషితో ఆగకుండా మాట్లాడుతూ ఎక్కగలిగేదే సరైన వేగం, మాట తెగుతుంటే తగ్గించు. మూడో వారం నుంచి వీపున బ్యాగు, అందులో 5 కిలోలు, రెండు పెద్ద నీళ్ల సీసాలూ కాస్త బియ్యమూ చాలు. లిఫ్టులో దిగొద్దు. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే బరువు మోస్తుంది, దానికి ఆ అలవాటు లేకపోతే రెండో రోజుకు మెట్టు దిగలేవు. మోకాళ్లు పోయాయని ఏడ్చేవాళ్లందరూ ఎక్కడం మాత్రమే సాధన చేసినవాళ్లే. శనివారాలు మాలకొండ పో. గుడి ఆ ఒక్కరోజే తీస్తారు కాబట్టి జనం ఉంటారు, ఒక్కదానివే కొండెక్కినా భయం లేదు. నడిచే ఎక్కు, నడిచే దిగు. బయల్దేరడానికి రెండు వారాల ముందు ఒకసారి అలిపిరి ఎక్కి, అందరిలా బస్సులో దిగకుండా నడిచి దిగు. ఆ మర్నాడు కాళ్లు మామూలుగా ఉంటే పూన్‌హిల్‌కు నువ్వు సిద్ధం. ఆఖరి వారం మాత్రం తేలిగ్గా ఉంచు.

బూట్లు అక్కడికి పొయ్యి కొనొద్దు. ఈ సాధనంతా ఆ బూట్లతోనే చెయ్యి. మామూలు సైజుకన్నా అర సైజు పెద్దది తీసుకో, మందపాటి మేజోళ్లతో వేసి చూడు. దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి, అందుకే గోళ్లు కత్తిరించుకునే పో. మడమ దగ్గర వేడిగా, మంటగా తెలిసిన క్షణమే ఆగి గుడ్డ ప్లాస్టరు వెయ్యి. బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం సగమే.

ఎత్తు గురించి శ్రద్ధగా చదువు. ఒంగోలు సముద్రమట్టానికి దగ్గర్లోనే ఉంది. పోఖరా 800 మీటర్ల చిల్లర, ఘోరేపానీ 2,860, పూన్‌హిల్ 3,210. అంత ఎత్తున పీల్చే గాలిలో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులే. ఎత్తు జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తలనొప్పి, దాంతోబాటు వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం. నువ్వు ఎంత బలంగా ఉన్నావన్నదానికీ దీనికీ సంబంధం లేదు, జిమ్ములో పెరిగిన కుర్రాడికి వచ్చి నీకు రాకపోవచ్చు. తలనొప్పి వస్తే ముందు అర లీటరు నీళ్లు తాగి గంట కూర్చో. నీళ్లు చాలక వచ్చిందైతే తగ్గుతుంది. తగ్గకుండా వికారం కూడా కలిస్తే ఆ రోజు ఒక్క మీటరు కూడా పైకి పోవద్దు. నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా రాత్రయినా సరే కిందికే, తెల్లవారే దాకా చూద్దామనే మాట లేదు. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ముందునుంచే వేసుకునేవాళ్లున్నారు. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కావచ్చు, కాబట్టి డాక్టరును అడక్కుండా పక్క మనిషి ఇచ్చింది మింగొద్దు. ఆ రాత్రుల్లో నిద్రమాత్రలు, మద్యం రెండూ ముట్టొద్దు, ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

సూర్యోదయం చూడ్డానికి ఘోరేపానీ నుంచి చీకట్లోనే లేపుతారు. గంటసేపు మెట్లు, నెత్తిన లైటు కావాలి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైకి పోగానే గాలి కొడుతుంది, నవంబరులో ఆ వేళకు నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండొచ్చు. మన నూలు బట్టలు ఇక్కడ మహా సుఖం, అక్కడ చెమటను పట్టుకుని ఒంటిని చల్లబరుస్తాయి. ఒంటికి ఆనుకుని తొందరగా ఆరే సింథటిక్ బనియను, దానిమీద ఫ్లీసు, ఆ పైన గాలీ వానా దూరని జాకెట్టు. ఆగకముందే జాకెట్టు వేసుకో, చలేశాక కాదు. లోపల ఈకలు నింపిన మందపాటి జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు, చేతికర్రలు పోఖరాలో అద్దెకు దొరుకుతాయి, మళ్లీ వాడనివాటికి డబ్బు తగలేయొద్దు. ఫోనూ పవర్ బ్యాంకూ రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకో, చలికి బ్యాటరీ దిగిపోతుంది.

యోగా భాగంలో నీకొచ్చే ఇబ్బంది వేరు. భారతదేశం నుంచి వచ్చావు కాబట్టి నీకు అన్నీ వచ్చేసి ఉంటాయని మిగతావాళ్లు అనుకుంటారు. ఆ మొహమాటానికి పోయి శీర్షాసనం వేస్తే మెడ పట్టేస్తుంది, ఆ మెడతో బ్యాగు మొయ్యలేవు. మొదటి రోజే గురువుతో రెండు మాటలు చెప్పేసెయ్: నాకు ఫలానా చోట నొప్పి ఉంది, నన్ను చేత్తో తాకి సరిదిద్దొద్దు, నోటితో చెప్పండి. మంచి గురువు దానికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఆయన ముందు వరసలో కూర్చోకు. కాళ్లు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో పిరుదు కింద ఎముక దగ్గర లాగినట్టుంటే వెంటనే వదిలెయ్, అక్కడ పట్టేస్తే నెలలు పడుతుంది మానడానికి. నడకకు ముందు రెండు రోజులు పిక్కలు, తుంటి వదులు చేసేవి చాలు.

శంఖప్రక్షాళన, వమనం లాంటి క్రియలు పట్టికలో ఉంటే అవి ఏ రోజో చూడు. ఉప్పునీళ్లతో కడుపు కడిగిన మర్నాడు మెట్లెక్కిస్తే కళ్లు తిరిగి పడిపోతావు. నడకకు మూడు రోజుల లోపు ఉంటే నేను చెయ్యనని చెప్పు. జలనేతి చేస్తే నీళ్లు మరగకాచి చల్లార్చినవే కావాలి, అర లీటరుకు చెంచాడు ఉప్పు. కొళాయి నీళ్లు ముక్కులో పోయనివ్వొద్దు. కపాలభాతి పోఖరాలో చేసుకో, ఘోరేపానీలో వద్దు.

పారాగ్లైడింగ్ పోఖరా దగ్గరి కొండ మీద నుంచి. నీ వెనక పైలట్ ఉంటాడు, నీ పని పరుగెత్తడమే. కాళ్లు నేల వదిలాయనిపించినా పరుగు ఆపకు, మధ్యలో కూర్చుంటేనే టేకాఫ్ చెడుతుంది. బయల్దేరే ముందు రెండు తొడ పట్టీలు, ఛాతీ పట్టీ, హెల్మెట్ బిగించారా అని నువ్వే తడిమి చూసుకో, రిజర్వ్ పారాచూట్ ఉందా అని అడుగు. అడిగితే తప్పేం లేదు, పైలట్లకు ఇష్టమే. చున్నీ వద్దు. టిఫిన్ తేలిగ్గా తిను. వేడిగాలి పట్టుకోవడానికి గుండ్రంగా తిప్పుతూ పోతారు, అక్కడే వాంతి వచ్చేది. విన్యాసాలు వద్దని నేలమీదుండగానే చెప్పు.

రాఫ్టింగులో నీకు ఈత రాదని దాచకు. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమను. చెవుల దాకా లేస్తే అది వదులు. తెడ్డు చివరున్న పిడి మీద నుంచి చెయ్యి తియ్యొద్దు, వదిలేస్తే పక్కవాళ్ల పళ్లు రాలతాయి. నీళ్లలో పడితే వెల్లకిలా తేలి, కాళ్లు ప్రవాహం పోయే వైపు చాపి, బొటనవేళ్లు పైకి పెట్టు. లోతు తక్కువని నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది, వెనకనుంచి వచ్చే నీళ్లు మనిషిని ముంచేస్తాయి. ఉరవడి మూడో గ్రేడు దాటిన నదైతే ఒడ్డునే ఉండు. సాగే తాడు కట్టుకుని ఎత్తునుంచి దూకే బంజీ కూడా ఉందంటున్నావు. కళ్లద్దాల పవర్ ఎక్కువున్నవాళ్లకు కంటి పొర ఊడే ప్రమాదం ఉంది, కంటి డాక్టరు సరేనంటేనే దూకు.

తిండికి దిగులు లేదు, దాల్‌భాత్ ఎక్కడైనా దొరుకుతుంది, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. కారం మాత్రం మనకు చాలదు. మీ అమ్మ గోంగూర పచ్చడి సీసాలు కడుతుంది, వద్దను, నూనె కారి బట్టలన్నీ పోతాయి. కందిపొడి ఒక్క పావుకిలో చాలు. కొండమీద మాంసం, పచ్చి కూరగాయలు తినకు. తాగే నీళ్లలో క్లోరిన్ మాత్ర వేశాక పెట్టె మీద రాసినంత సేపు ఆగాలి, నీళ్లు బాగా చల్లగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. ఓఆర్ఎస్ నాలుగు పొట్లాలు పెట్టుకో. నెలసరి తేదీ ఎప్పుడైనా సరే ప్యాడ్లు ఇక్కణ్ణుంచే తీసుకుపో, ఎత్తుకూ శ్రమకూ తేదీ మారుతుంది. వాడినవి కవరులో కట్టి కిందికి తెచ్చి పారెయ్.

గుంపు సంగతి. మొదటి రెండు రోజుల్లోనే ఎవరో ఒకరికి నువ్వు నమ్మకంగా దగ్గరవుతావు, ఆ మనిషికి నీ మందుల వివరం, మీ నాన్న నంబరు చెప్పు. సంస్థవాళ్లు ఫొటోలు తీసి పెట్టుకుంటారు. నీ ఫొటో వద్దంటే ఫారం నింపేటప్పుడే గీత కొట్టు. ఎవరన్నా గంజాయి, భంగు అంటే అది నేపాల్‌లో కూడా నేరమే. పోఖరాలోని లేక్‌సైడ్‌లో సులభంగా దొరికినంత మాత్రాన చట్టం మారదు. సాయంత్రం అందరూ బయటికి పోతుంటే నువ్వు పడుకుంటానని చెప్పి పడుకో, ఎవరూ ఏమీ అనుకోరు.

బీమా తీసుకునేటప్పుడు రెండు వాక్యాలు వెతుకు: ఎన్ని మీటర్ల ఎత్తు దాకా నడకకు వర్తిస్తుంది, పారాగ్లైడింగూ రాఫ్టింగూ లెక్కలోకి వస్తాయా. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి సాహస క్రీడలు మినహాయింపే. అదనంగా కట్టి చేర్పించుకోవాలి. జబ్బుపడితే కిందికి దించే హెలికాప్టర్‌కు ముందు బీమావాళ్ల అనుమతి కావాలి, ఆ నంబరు కాగితం మీద రాసిపెట్టుకో. చిన్న తలనొప్పికి కూడా హెలికాప్టర్ పిలుద్దామని తొందరపెట్టేవాళ్లు ఉంటారు, కమీషన్ల కోసం అలా పిలిపిస్తున్నారని 2018లో అక్కడి ప్రభుత్వమే దర్యాప్తు చేసింది. నడవగలిగితే నడిచి దిగు, జీపు దొరికే ఊరు దూరం కాదు. టూరిస్టు పోలీసు నంబరు 1144, మామూలు పోలీసు 100. మన రాయబార కార్యాలయం ఖాట్మండులో లైన్‌చౌర్‌లో ఉంది.

ఇంటికి రోజూ ఫోన్ చేస్తానని మాత్రం మాటివ్వకు. కొండలో సిగ్నల్ పోతే మీ అమ్మ రాత్రంతా కూర్చుంటుంది. ఏ రోజు ఏ ఊళ్లో పడుకుంటావో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించు, ఎన్ని రోజులు కబురు లేకపోతే సంస్థకు ఫోన్ చెయ్యాలో దానిమీదే రాయి.

వాళ్ల జవాబు రాగానే ఆ రోజువారీ పట్టిక నాకు పంపు. ఘోరేపానీకి ఎన్నో రోజు చేరుస్తున్నారో చూసి చెప్తాను. అంతవరకు అడ్వాన్సు కట్టకు.

మీ పెద్దమ్మ